నిశ్చితార్థం ఉంగరం: రాయి సరే, సెట్టింగ్ మాటేమిటి?

బరంపురం పెద్ద బజారుకో, పర్లాకిమిడికో, రాయగడకో ఉంగరం కొనడానికి వెళ్లినవాళ్లు ముందు అడిగేది "రాయి ఎన్ని సెంట్లు?" అని. ఇది పొలం సెంటు కాదు లెండి. వంద సెంట్లయితే ఒక క్యారెట్, ఒక క్యారెట్ అంటే 0.2 గ్రాము. ఆ తరవాత "బంగారం ఎన్ని గ్రాములు?" అంటారు. ఆ బంగారం ఆ రాయిని ఎలా పట్టుకుని ఉండాలన్నది, అంటే సెట్టింగ్ సంగతి మాత్రం ఫోన్లో ఒక ఫొటో చూపించి "ఇలాంటిది చెయ్యండి" అని తేల్చేస్తారు. అయిదేళ్ల తరవాత ఉంగరం వేలికి ఉంటుందా, బీరువాలో ఉంటుందా అన్నది తేలేది అక్కడే.

ఒడిశా సరిహద్దు ఊళ్లలో ఉండేవాళ్లు సెట్టింగ్ ఎంచుకునే ముందు ఒక లెక్క వేసుకోవాలి. ఇది పాడైతే బాగుచేసేవాడు ఎక్కడున్నాడు? విశాఖపట్నంలో, భువనేశ్వర్‌లో ఉన్నవాళ్లకు ఇది పెద్ద విషయం కాదు. గుణుపురంలోనో జయపురంలోనో ఉండి, ఉంగరం వైజాగ్‌లో చేయించుకుంటే, ఇసక రేణువంత రాయి ఒకటి ఊడినా మళ్లీ బస్సెక్కాలి. కాబట్టి ఊళ్లో కంసాలి కుంపటి ముందు కూర్చుని చెయ్యగలిగిన పనేది, చెయ్యలేనిదేది అన్నది దృష్టిలో పెట్టుకునే కింది సంగతులన్నీ చదవండి.

చెయ్యి ఏం పని చేస్తుంది

అమ్మాయికి ఎడమచేతి ఉంగరపు వేలికి పెట్టడం ఇప్పుడు మామూలైంది. అదే మేలు. కుడిచేతికైతే ముద్ద ముద్దకీ పప్పన్నం రాయి కిందకి చేరుతుంది. ఎడమచేతికి పెట్టినా చపాతీ పిండి కలపడం, బట్టలు పిండడం, పిల్లల్ని ఎత్తుకోవడం తప్పవు కదా. రాయి వేలి మీద 5 మి.మీ. దాటి లేచి నిలబడితే ఈ పనులన్నిటిలోనూ ఎక్కడో ఒకచోట తగులుతుంది.

బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ లాంటి చోట నర్సుగానో డాక్టరుగానో పనిచేసే అమ్మాయి రోజుకు ఎన్నిసార్లు గ్లవ్స్ తొడిగి తీస్తుందో లెక్క ఉండదు. ఎత్తు ఉంగరం గ్లవ్స్‌ను చింపుతుంది, రాయి కింద తడి నిలుస్తుంది. అలాంటి చేతికి రాయి చుట్టూ గోడలా కట్టే, నున్నటి అంచున్న బెజెల్ ఒక్కటే సరైనది. అదైనా ఆపరేషన్ థియేటర్ బయటే.

ఇంకొకటి పట్టుచీర. బరంపురం పట్టు ఒంటి మీద ఉన్నప్పుడు కుచ్చిళ్లు సర్దుకునే చేతికి కొన లేచిన ప్రాంగ్ (రాయిని పట్టి ఉంచే సన్నటి కాడ) ఉందనుకోండి, ఒక్క లాగులో పోగు బయటికొస్తుంది. పోగు పోవడం సంగతి అటుంచి, ఆ లాగుడుకి ప్రాంగ్ కూడా రవ్వంత పైకి లేస్తుంది. రెండో లాగుడుకి రాయి కదలడం మొదలవుతుంది. తాంబూలాలు మార్చుకున్న రోజు సాయంత్రమే ఇది జరగొచ్చు, ఎందుకంటే ఆ రోజు చీరా ఉంగరమూ రెండూ కొత్తవే.

అబ్బాయి డామన్‌జోడి అల్యూమినా ప్లాంటులోనో, రాయగడ పేపరు మిల్లులోనో మిషన్ల దగ్గర పనిచేస్తే పని వేళల్లో ఉంగరం తీసెయ్యాలి. తిరిగే మిషన్లో ఉంగరం ఇరుక్కుంటే పోయేది రాయి కాదు, వేలు. ఏ సెట్టింగూ దానికి అడ్డుపడదు. మిగతా సమయంలో పెట్టుకోడానికి ఫ్లష్ సెట్టింగ్ చెప్పండి. ఉంగరం మందంలోనే గుంట కోసి రాయిని అందులో కూర్చోబెట్టి, చుట్టూ బంగారాన్ని దాని మీదకి నొక్కుతారు. పైన ఏమీ పొడుచుకు రాదు. దీనికి రింగు మందం రాయి లోతు కంటే ఎక్కువ ఉండాలి. 2.5 మి.మీ. వెడల్పు వజ్రం లోతు సుమారు 1.5 మి.మీ., కాబట్టి రింగు కనీసం 2 మి.మీ. మందం. అంతకంటే పల్చగా చేస్తే రాయి అడుగుమొన వేలికి గుచ్చుకుంటుంది. నొక్కుడు గట్టిగా ఉంటుంది కనక పచ్చకు ఈ పద్ధతి పనికిరాదు.

ప్రాంగ్ సెట్టింగ్: అందమూ దానిదే, తిప్పలూ దానివే

రాయిని గోళ్లతో పట్టుకున్నట్టు సన్నటి కాడలు పట్టి ఉంచుతాయి. వాటినే ప్రాంగ్స్ అంటారు. వెలుతురు నాలుగు వైపుల నుంచీ వెళ్తుంది కనక వజ్రం దీనిలో బాగా మెరుస్తుంది. 1886లో న్యూయార్క్‌లోని టిఫనీ కంపెనీ ఆరు ప్రాంగ్‌లతో రాయిని రింగు పైకెత్తి చూపించిన తరవాత, నిశ్చితార్థం ఉంగరం అంటే ప్రపంచంలో చాలామందికి ఈ బొమ్మే గుర్తొస్తుంది. మన కొట్లలో చూపించేవాటిలోనూ ఎక్కువ దాని పిల్లలే.

లోపల పని ఎలా ఉంటుందో తెలిస్తే ఎక్కడ చెడుతుందో తెలుస్తుంది. రాయి నడుము దగ్గర సన్నటి అంచు ఉంటుంది, దాన్ని గర్డిల్ అంటారు. ప్రతి ప్రాంగ్ లోపలి వైపూ ఒక చిన్న గాడి కోసి, ఆ గాళ్లన్నిట్లో గర్డిల్ ఒకే ఎత్తున కూర్చునేలా చూసి, పైన మిగిలిన కొనల్ని రాయి మీదకు వంచుతారు. గాడి లోతు ప్రాంగ్ మందంలో మూడో వంతు ఉంటే బాగుంటుంది, సగం దాటకూడదు. తొందరలో గాడి లోతుగా కోస్తే పైకి అంతా చక్కగానే కనిపిస్తుంది. కానీ ఆ ప్రాంగ్ నడుము విరిగినట్టే. ఏడాదికో రెండేళ్లకో దెబ్బ తగిలినప్పుడు సరిగ్గా గాడి దగ్గరే తెగుతుంది. ఒక గాడి ఎత్తుగా, ఒకటి కిందకీ కోస్తే రాయి వంకరగా కూర్చుంటుంది, భారమంతా రెండు ప్రాంగ్‌ల మీదే పడుతుంది.

నాలుగా, ఆరా? నాలుగిట్లో ఒకటి పోతే రాయి రాలిపోయినట్టే. ఆరింట్లో ఒకటి పోయినా మిగతా అయిదూ కొన్నాళ్లు పట్టి ఉంచుతాయి, మీరు చూసుకునే వ్యవధి దొరుకుతుంది. అలాగని చిన్న రాయికి ఆరు పెట్టిస్తే రాయి కంటే బంగారమే కనిపిస్తుంది. గుండ్రటి వజ్రం 30 సెంట్లదైతే వెడల్పు సుమారు 4.3 మి.మీ., అరక్యారెట్‌ది 5.1, క్యారెట్‌ది 6.5. 30 సెంట్ల లోపు నాలుగు, అరక్యారెట్ నుంచి ఆరు పెట్టించుకుంటే తప్పు లేదు. మధ్యలో ఉన్నవాటికి చెయ్యి చేసే పనిని బట్టి. ప్రాంగ్ మందం 30 సెంట్ల రాయికి 0.8 మి.మీ. దగ్గర్లో, క్యారెట్‌కి 1 మి.మీ. దగ్గర్లో ఉండాలి. "సన్నగా ఉంటే నాజూగ్గా ఉంటుందండీ" అని కొట్టువాళ్లు అంటే నవ్వి ఊరుకోండి.

చతురస్రం, నీటిబొట్టు, కన్ను ఆకారాల్లో కోసిన రాళ్లకు మూలలే బలహీనం. ఆ మూలల మీద మామూలు ప్రాంగ్ కాకుండా, ఇంగ్లిషు వి అక్షరంలా మడిచి మూలను రెండు వైపులా కప్పే ప్రాంగ్ కావాలని చెప్పాలి. లేకపోతే గుమ్మానికో గ్రైండరుకో తగిలి మూల పగులుతుంది. వజ్రం గీతకు లొంగదు కానీ దెబ్బకు చిట్లుతుంది. ఈ రెండూ ఒకటే అనుకుని నష్టపోయేవాళ్లు చాలామంది.

బాగుచెయ్యడం సులువా అంటే, వంగిన ప్రాంగ్‌ను సరిచెయ్యడం ఏ కంసాలికైనా చిన్న పని. అరిగిన కొనకు కొత్త బంగారం అతకడం వేరు, దానికి మంట తగలాలి. వజ్రం కొంత వేడిని ఓర్చుకుంటుంది. అయితే రాయికి బోరిక్ పూత వెయ్యకుండా మంట పెడితే పైపొర కాలి పాలు పోసినట్టు తెల్లబడుతుంది, మళ్లీ సానపడితే తప్ప పోదు. పచ్చ, ముత్యం, పగడం, కనకపుష్యరాగం లాంటివి ఉంటే రాయి తీశాకే మంట దగ్గరికి వెళ్లాలి. ఈ ఒక్క మాట పని ఇచ్చేటప్పుడే చెప్పెయ్యండి.

బెజెల్: మన ఊళ్లకు సరిపడే పని

రాయి చుట్టూ బంగారు పట్టీ గోడలా కట్టి, దాని అంచును రాయి మీదకు కొద్దిగా మడిచి నొక్కేదే బెజెల్. జాతకం రాళ్లకు మన కంసాలులు ఎప్పటినుంచో కడుతున్నది ఇదే. బరంపురం అయినా పర్లాకిమిడి అయినా, తెలుగు కంసాలి అయినా ఒడియా బణియా అయినా, చేతి అలవాటు ఉన్న పని. (ఒడియా కొట్లో ఉంగరం అంటే "ముది", రాయి అంటే "పథర". ఈ రెండు మాటలు వస్తే సగం బేరం అయినట్టే.)

గోడ మందం 22 క్యారెట్ల బంగారంలో 0.4 నుంచి 0.5 మి.మీ. మధ్య ఉంటే చాలు, 18లో ఇంకా కొంచెం పల్చగా ఉన్నా పర్వాలేదు. అంచు నొక్కేటప్పుడు ఒక వరసలో చుట్టూ తిరక్కూడదు. ముందు తూర్పు, దానికెదురుగా పడమర, తరవాత ఉత్తరం, దక్షిణం, ఆ తరవాత మధ్యలోవి. ఒకే వైపు నుంచి నొక్కుకుంటూ వెళ్తే బంగారం చివర్లో ఒకచోట పోగై ముడత పడుతుంది, రాయి పక్కకి జరుగుతుంది. గోడ మరీ మందంగా ఉంటే మడవడానికి బలం ఎక్కువ పెట్టాలి, ఆ బలానికి గర్డిల్ చిట్లుతుంది. పని పూర్తయ్యాక అంచుకీ రాయికీ మధ్య గోరు కొన తగిలినా పట్టుకోకూడదు. గోరు ఆగిందంటే అక్కడ సందు ఉంది, పసుపూ సబ్బూ అందులోకి వెళ్తాయి.

బెజెల్‌లో రాయి మెరుపు పోతుందని భయపెడతారు. అడుగు మూసేస్తే కొంత నిజమే. అడుగు తెరిచి ఉంచి పక్క గోడలో చిన్న కిటికీలు పెట్టిస్తే వజ్రం మెరుపులో చెప్పుకోదగ్గ తేడా రాదు. పైగా పసుపు బంగారం గోడ లోపల రాయిలోని కొద్దిపాటి పసుపు జీర కనిపించకుండా పోతుంది. అంటే రంగులో మెట్టు తక్కువ రాయి తీసుకుని, మిగిలిన డబ్బు సైజులో పెట్టుకోవచ్చు. పూర్తి తెల్ల రాయి కొన్నవాళ్లకు మాత్రం పసుపు గోడ దాని తెలుపును తగ్గిస్తుంది. వాళ్లు గోడ వరకు తెల్ల బంగారంతో చేయించుకుంటారు.

రాయి ఒంటికి తగలాలన్న పట్టింపుతో కెంపో కనకపుష్యరాగమో పెట్టించేవాళ్లకు అడుగు తెరిచిన బెజెల్ ఎలాగూ తప్పదు. కొట్లో దీన్నే ఓపెన్ సెట్టింగ్ అంటారు. తగలాలి అని రాయిని మరీ కిందకి దించితే చెమటా సబ్బూ అక్కడే నిలిచి, వేలి మీద తెల్లగా చెమ్మ పొక్కు వస్తుంది. రాయి అడుగు రింగు లోపలి అంచుతో సమానంగా ఉంటే సరిపోతుంది, బయటికి పొడుచుకు రానక్కర్లేదు.

కలహండి, బలాంగీర్ వైపు దొరికే రాళ్లు, ముఖ్యంగా గోమేదికం, గార్నెట్, అప్పుడప్పుడు కెంపు, తెలిసినవాళ్ల ద్వారా విడిగా కొని తెచ్చుకునేవాళ్లు మన వైపు ఉన్నారు. వాటిని చాలావరకు స్థానికంగా చేత్తో సానపడతారు. పైకి గుండ్రంగా కనిపిస్తుంది కానీ కొలిస్తే ఒకవైపు 6.2 మి.మీ., ఇంకోవైపు 5.8 ఉంటుంది, గర్డిల్ ఒకచోట మందం, ఒకచోట కత్తి అంచు. కొట్లో దొరికే రెడీమేడ్ తలలో (రింగు మీద రాయిని పట్టే భాగంలో) ఇది కూర్చోదు. కూర్చోబెట్టడానికి ప్రాంగ్‌లను అటూ ఇటూ వంచుతారు, దాంతో కథ మొదలవుతుంది. ఇలాంటి రాయికి దాని చుట్టూ కొలిచి కట్టిన బెజెల్ తప్ప వేరే దారి లేదు. రాయి మీ దగ్గరే ఉంటే ముందు రాయి ఇచ్చి, కొలత తీయించి, ఆ తరవాతే బంగారం పని మొదలుపెట్టమనండి.

చిన్న రాళ్ల వరసలు

పెద్ద రాయి చుట్టూ చిన్న వజ్రాల వలయం కడితే హేలో, రింగు మీద దగ్గర దగ్గరగా పరిస్తే పావే, రెండు గోడల మధ్య వరసగా దూరిస్తే ఛానల్. 30 సెంట్ల రాయి హేలోలో అరక్యారెట్‌లా కనిపిస్తుందన్నది నిజమే, అమ్మకం దాని మీదే నడుస్తుంది. కానీ పావేలో ఒక్కో రాయి 1.3 మి.మీ. వెడల్పు, ఒక సెంటు బరువు. దాన్ని పట్టి ఉంచేది ఆవగింజ కంటే చిన్న బంగారు గింజ. పిండి కలిపినప్పుడల్లా ఆ సందుల్లోకి పిండి వెళ్తుంది, ఎండుతుంది, బ్రష్షుతో తోముతారు, ఒక గింజ అరుగుతుంది. ఒక రాయి పోయాక పక్కనున్న దానికి ఆసరా పోయి అదీ కదులుతుంది. కొత్తది పెట్టడానికి మైక్రోస్కోపు కింద పనిచేసేవాడు కావాలి. రాయగడ, కోరాపుట్, గుణుపురం వైపు ఉండేవాళ్లు రోజూ పెట్టుకునే ఉంగరానికి పావే ఎంచుకోకపోవడమే మంచిది. అంత మోజుంటే రింగు పైభాగంలో మూడో వంతుకే పరిమితం చెయ్యండి. చుట్టూ రాళ్లు పరిచిన ఉంగరాన్ని తరవాత పెద్దదీ చెయ్యలేరు, చిన్నదీ చెయ్యలేరు. ఛానల్ కొంచెం గట్టిదే. అదీ సైజు మార్చేటప్పుడు గోడలు విచ్చుకుని రాళ్లు వదులవుతాయి.

రాయి గాల్లో తేలుతున్నట్టు రెండు కొనల మధ్య నొక్కి ఉంచే టెన్షన్ సెట్టింగ్ గురించి ఒక్క మాటే: సైజు మార్చడం కుదరదు, ఇక్కడ బాగుచేసేవాళ్లూ లేరు, వద్దు.

కుందనం పని వేరే జాతి. లక్క నింపిన గూట్లో రాయి పెట్టి, చుట్టూ మేలిమి బంగారు రేకును కూరి బిగిస్తారు. గాజుల్లో, హారాల్లో అందంగా ఉంటుంది. రోజూ నీళ్లలో నానే ఉంగరానికి పనికిరాదు, నీరు దిగితే లక్క కదిలి రాయి వెనక రేకు నల్లబడుతుంది. నిశ్చితార్థం రోజు పెట్టుకుని దాచుకునేదైతే సరే.

రాయి గట్టిదనం, బంగారం మెత్తదనం

మోస్ కొలతలో వజ్రం 10, కెంపు, నీలం, కనకపుష్యరాగం 9, వైడూర్యం 8.5, పచ్చ 7.5 నుంచి 8, గార్నెట్ 7 చుట్టుపక్కల, పగడం 3 పైన, ముత్యం రెండున్నర. ఇంట్లో దుమ్ములో ఉండే ఇసకది 7. అంటే 7 కంటే తక్కువవాటిని గుడ్డతో తుడిచినా గీతలు పడతాయి. వాటికి ప్రాంగ్ పెట్టి పైకెత్తడం అన్యాయం. పగడానికి బెజెల్, ముత్యానికి గిన్నెలాంటి అడుగులో చిన్న మేకు, దాని మీద జిగురు. పచ్చలో పుట్టుకతోనే పగుళ్లుంటాయి, వాటిలో నూనె పట్టించి అమ్ముతారు. దానికి మెత్తటి 22 క్యారెట్ల బెజెల్ మేలు. అల్ట్రాసోనిక్ మిషన్లో వేసి కడిగితే ఆ నూనె బయటికొచ్చి పగుళ్లు తేలతాయి.

కెంపు చవగ్గా వచ్చిందంటే పగుళ్లలో సీసపు గాజు నింపినది కావచ్చు. దానికి మంటే కాదు, నిమ్మరసం కూడా పడదు. పులిహోరకు నిమ్మకాయలు పిండే చేతికి అది ఉంటే గాజు తినేసుకుపోయి గీతలు తెల్లగా కనిపిస్తాయి. కొనేముందు "గ్లాస్ ఫిల్డా?" అని నేరుగా అడిగి, జవాబు బిల్లు మీద రాయించుకోండి.

మన ఇళ్లలో 22 క్యారెట్లు కానిది బంగారమే కాదన్న పట్టుదల ఉంది. గొలుసుకూ గాజుకూ సరే. సన్నటి ప్రాంగ్‌కు అది మెత్తన, కొన్నాళ్లకు వంగుతుంది. ప్రాంగ్ కావాలంటే 18 క్యారెట్లు, అంటే ముద్రలో 750. అత్తవారు 916 కావాలని పట్టుబడితే బెజెల్‌కు మారండి, గొడవ తీరుతుంది. బెజెల్ అంచు మడవడానికి 22 క్యారెట్ల మెత్తదనమే సాయం చేస్తుంది. రింగు 916, పైన తల మాత్రం 750 చేయించడం కూడా ఉంది, కానీ కొన్న బంగారం ఏ శుద్ధి అని తిరిగి అమ్మేటప్పుడు పేచీ వస్తుంది. తెల్ల బంగారానికి రోడియం పూత ఉంటుంది, ఏడాది రెండేళ్లకు అరిగి పసుపు తేలుతుంది. ఆ పూత వేసే కొట్టు మీ ఊళ్లో ఉందో లేదో ముందే కనుక్కోండి. ప్లాటినం 1768 డిగ్రీల దగ్గర కరుగుతుంది, బంగారం 1064 దగ్గరే. మామూలు కుంపటికీ ఊదుగొట్టానికీ లొంగేది కాదు, సైజు మార్చాలన్నా పెద్ద ఊరే గతి.

వేలి కొలత

పెళ్లివారికి తెలియకుండా దారంతో కొలవడమే అసలు తప్పు. దారం సాగుతుంది. రింగుల గుత్తి ఉన్న కొట్లో, సాయంత్రం పూట కొలిపించండి. పొద్దున వేలు సన్నగా, మధ్యాహ్నం ఉక్కకు ఉబ్బి ఉంటుంది. గోపాలపూర్, ఛత్రపురం తీరంలో వేసవిలో ఈ తేడా బాగా తెలుస్తుంది. మన దేశంలో వాడే నంబరుకు 40 కలిపితే లోపలి చుట్టుకొలత మి.మీ.లలో వస్తుంది. 12 నంబరు అంటే 52 మి.మీ., లోపలి వ్యాసం 16.5. వేరే దేశం నంబరు చెప్పే ఆన్‌లైన్ కొట్టుకు ఈ మి.మీ. లెక్కే ఇవ్వండి. రింగు వెడల్పు 5 మి.మీ. దాటితే ఒక నంబరు పెంచాలి. కణుపు దాటడానికి కొంచెం బిగువు, దాటాక తిరక్కుండా ఉండాలి. వదులైన ఉంగరం తిరిగి రాయి పక్కకు వాలుతుంది, అప్పుడు పక్క వేలికి రాసుకుని ప్రాంగ్‌లు ఒకవైపే అరుగుతాయి.

ఆర్డరిచ్చేటప్పుడు

ముహూర్తాల రోజుల్లో ఇచ్చిన పని ముహూర్తాల రోజుల్లోలాగే ఉంటుంది. రాత్రి పదకొండింటికి కరెంటు దీపం కింద చేసిన గాడికి లోతెంతో ఎవరు చూస్తారు? మూఢంలో, ఆషాఢంలో, శూన్యమాసంలో కంసాలుల చేతులు ఖాళీగా ఉంటాయి. నిశ్చితార్థం తేదీ తేలకపోయినా అప్పుడే చేయించి పెట్టుకోవచ్చు. లేదంటే కనీసం మూడు వారాల గడువు.

చీటీ మీద ఇవి ఉండాలి: రాయి బరువు సెంట్లలో, కొలత మి.మీ.లలో, సెట్టింగ్ పేరు, ప్రాంగ్‌లు ఎన్ని, బంగారం శుద్ధి, రింగు వెడల్పూ మందమూ (అడుగున 1.5 మి.మీ. కంటే తగ్గకూడదు), తరుగు ఎంత, మజూరీ ఎంత, రాయి ఊడితే ఎన్నాళ్లవరకు ఉచితంగా పెడతారు. సర్టిఫికెట్ ఉన్న వజ్రమైతే చాలావరకు దాని నంబరు గర్డిల్ మీద లేజరుతో చెక్కి ఉంటుంది. బెజెల్ కట్టాక ఆ నంబరు కనిపించదు. అందుకని సెట్ చెయ్యక ముందే లూప్ (కంసాలి భూతద్దం) కింద ఆ నంబరు మీ కళ్లతో చదివి, సర్టిఫికెట్‌తో సరిపోల్చుకోండి.

బంగారం లెక్కలో రాయి బరువు కలిసిపోకూడదు. మొత్తం బరువు 4.35 గ్రాములు, వజ్రం 30 సెంట్లు అనుకోండి. 30 సెంట్లు 0.06 గ్రాము, కనక బంగారానికి కట్టాల్సింది 4.29 గ్రాములకే. రాయికి వేరే ధర. కుందనం పనిలో అయితే లోపలి లక్క బరువు కూడా తీసెయ్యాలి.

హాల్‌మార్క్ నగ మీద బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తు, శుద్ధి, అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు స్థానాల హెచ్‌యూఐడీ (ఒక్కో నగకూ విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఉంటాయి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ ఆరూ కొడితే ఆ నగ వివరాలు వస్తాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగలకు ఈ ఆరు స్థానాల సంఖ్య ఉండాల్సిందే. అయితే 2 గ్రాముల లోపు వస్తువులకూ, కుందనం, పోల్కీ, జడావు పనికీ, ఏడాదికి 40 లక్షల లోపు వ్యాపారం ఉన్న చిన్న కొట్లకూ మినహాయింపు ఉంది. ఊళ్లో కంసాలి ముద్ర లేకుండా ఇస్తే మోసమని అనుకోనక్కర్లేదు, శుద్ధి మాత్రం చీటీ మీద రాయించుకోవాలి.

చేతికి తీసుకునేటప్పుడు

డబ్బు పూర్తిగా ఇవ్వక ముందు పది నిమిషాలు కూర్చుని చూడండి. పదిరెట్లు పెద్దగా చూపే లూప్ ఏ కొట్లోనైనా ఉంటుంది, అడిగితే ఇస్తారు. ప్రతి ప్రాంగ్ కొన రాయిని ఆనుకునే ఉందా, మధ్యలో వెలుతురు గీత కనిపిస్తోందా? పక్కనుంచి చూస్తే రాయి పైభాగం రింగుతో సమాంతరంగా ఉందా? ప్రాంగ్ మొదట్లో, తల రింగుకు అతికిన చోట, చీమ కన్నంత గుంటలు ఉన్నాయా? పోతపోసిన ఉంగరాల్లో ఆ గుంటలుంటే అక్కడే విరుగుతుంది.

లూప్ కంటే నమ్మకమైంది దూది. చిటికెడు దూదిని రాయి చుట్టూ, ప్రాంగ్‌ల మీదుగా నెమ్మదిగా లాగండి. పోగు చిక్కుకుందంటే ఆ కొన లేచి ఉంది. కొట్లోనే సరిచేయించండి, పట్టుచీర మీద పరీక్షించుకోవద్దు. తరవాత ఉంగరాన్ని చెవి దగ్గర పెట్టుకుని వేలితో తడితే రాయి టిక్కుటిక్కుమనకూడదు. చివర్లో రాయి మీద పంటిపుల్ల మొన ఆనించి అటూ ఇటూ నొక్కండి, కదలకూడదు.

ఇంటికొచ్చాక

పదిహేను రోజులకోసారి గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి పావుగంట నానబెట్టి, పసిపిల్లల మెత్తటి బ్రష్షుతో వెనక వైపు నుంచి తోమండి. కడిగేటప్పుడు టీ జల్లెడలో పెట్టి కడగాలి, తొట్టి మీద పట్టుకుని కాదు. పళ్లపొడీ పేస్టూ వద్దు, బంగారం అరుగుతుంది. కుంకుడుకాయ రసం వజ్రానికీ బంగారానికీ ఫర్వాలేదు. ముత్యం, పగడం, కుందనం ఉంటే తడిగుడ్డతో తుడవడం తప్ప ఏదీ చెయ్యొద్దు. బ్లీచింగ్ ఉన్న నీళ్లలో చెయ్యి పెట్టేముందు ఉంగరం తియ్యండి, క్లోరిన్ తగిలి తగిలి ప్రాంగ్‌ల్లోని మిశ్రలోహం పెళుసవుతుంది. గోపాలపూర్ సముద్రంలో బంగారానికి ఏమీ కాదు. కాకపోతే చల్లటి నీళ్లకు వేలు సన్నబడి ఉంగరమే జారిపోతుంది. దూది పరీక్ష ఆరునెలలకోసారి ఇంట్లోనే చేసుకోండి.

ఎప్పుడైనా రాయి ఊడిపోయిందని కనిపిస్తే ముందు ఉన్నచోటే ఆగండి. ఫ్యాను ఆపండి. చీర కుచ్చిళ్లు, చున్నీ, జేబులు అక్కడే దులపండి, కింద దుప్పటి పరిచి. లైట్లు ఆర్పి, ఫోను టార్చిని నేలకు ఆనించి అడ్డంగా వెలుతురు వెయ్యండి. నేల మీద పడున్న రాయి ఆ వెలుతురులో మెరుస్తుంది, పైనుంచి చూస్తే కనిపించదు. దొరక్కపోతే చీపురుతో ఊడ్చిన దుమ్మంతా ఒక కవర్లో పెట్టి తెల్లకాగితం మీద వెతకండి, నేల కడిగిన నీళ్లు పారబొయ్యొద్దు. రాయి లేని ఉంగరాన్ని మళ్లీ వేలికి పెట్టుకోకండి, ఖాళీ ప్రాంగ్‌లు వంగితే తల మొత్తం మార్చాల్సొస్తుంది. అప్పటి చీటీ తీసుకుని వెళ్తే అందులోని మి.మీ. కొలతకు సరిపోయే రాయి తెప్పిస్తారు.